ముడీ ముచ్చటా పాడ్‌కాస్ట్: ముదురు గుడ్డ మీద డిజైన్ దించడం ఎలా?

సుజాత: నమస్కారం, ముడీ ముచ్చటాకి స్వాగతం. నేను సుజాత.

మాధవి: నేను మాధవి. ఈ వారం విషయం, ముదురు రంగు గుడ్డ మీద డిజైన్ దించడం. నేను కుడుతున్న చుక్కల ఆకాశం ఫోటో చూసి చాలామంది అడిగారు. వదినా, ముందే చెప్తున్నా, ఈ రోజు నుంగంబాక్కం అబ్జర్వేటరీ కబుర్లు వద్దు.

సుజాత: నేనేమన్నా అన్నానా?

మాధవి: నోరు తెరిచావు.

సుజాత: ఆవలింత వచ్చిందమ్మా. నువ్వు కానీ.

మాధవి: గుడ్డ ముదురు నీలం కేస్‌మెంట్ కాటన్. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర గోడౌన్ స్ట్రీట్‌లో తీసుకున్నా. నలుపు ఎందుకు వద్దంటే, రాత్రి ట్యూబ్‌లైట్ కింద నల్లగుడ్డ నేత కనబడదు, సూది ఎక్కడ దిగుతోందో తెలీదు. కొనగానే ఉతికి, రంగు దిగడం ఆగిందో లేదో చూసుకుని, ఇస్త్రీ చేశాకే గీతలు.

సుజాత: నీలం బకెట్.

మాధవి: బకెట్ సంగతి మాట్లాడుకోం. ఇక డిజైన్. పెన్సిల్ కనబడదు. తెల్ల కార్బన్ పేపర్ వాడొచ్చు, కానీ కుడుతుంటే చేతికి అంటుకుని చెరిగిపోతుంది. నాకు నచ్చింది మగ్గం వర్క్ వాళ్ళ పద్ధతి. ట్రేసింగ్ పేపర్ మీద సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పౌడరు దూదితో రుద్దుతారు. చిల్లుల్లోంచి దిగుతుంది. మనకి గీతలు కూడా అక్కర్లేదు, ఒక్కో చిల్లూ ఒక నక్షత్రం, అక్కడ ఒక ఫ్రెంచ్ నాట్, అంటే సూదికి దారం చుట్టి వేసే ముడి. అయిపోయింది.

సుజాత: అంతేనా? ఇరవై నిమిషాల ఎపిసోడ్ అన్నావు!

మాధవి: అంతే మరి.

సుజాత: అయితే నేనొకటి అడుగుతా. ఫోటోలో ధ్రువ నక్షత్రం ఎక్కడ?

మాధవి: లేదు.

సుజాత: లేదంటే?

మాధవి: నేను మా మేడ మీంచి చూసిన ఆకాశం కుడుతున్నాను. జనవరిలో, రాత్రి తొమ్మిదింటికి. చెన్నై అక్షాంశం 13 డిగ్రీలు, కాబట్టి ధ్రువుడూ దాదాపు అంతే ఎత్తులో ఉంటాడు. అంత కిందన మసకే మసక. పైగా ఆ పక్కన ఎదురింటి వాటర్ ట్యాంక్.

సుజాత: అయితే ట్యాంక్ కుట్టు.

మాధవి: కుట్టాను. నల్ల దారం, కాడ కుట్టు. ఫోటో పెద్దది చేసి చూడు.

సుజాత: (నవ్వు) ఓరి దేవుడా. మాధవీ, ఆకాశం బొమ్మలో ట్యాంక్ ఉండి ధ్రువుడు లేకపోవడమేమిటి? పటం పెట్టుకుని కుట్టాలి. ఏ చుక్క ఎక్కడుందో, ఎంత వెలుగుందో లెక్కలన్నీ ఉన్నాయి. 1856లోనే ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ చెప్పాడు...

మాధవి: వచ్చేశాడు.

సుజాత: 1856లో ఆయన ఇంగ్లండ్‌లో ఉన్నాడు. నుంగంబాక్కానికి 1861లో వచ్చాడు, కాబట్టి ఇది లెక్కలోకి రాదు. చుక్కల వెలుగు కొలిచే మెట్టుని మాగ్నిట్యూడ్ అంటారు, అంకె తగ్గేకొద్దీ వెలుగెక్కువ. ఆయన ఏమన్నాడంటే, ఐదు మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే సరిగ్గా వంద రెట్ల వెలుగు. ఒక్కో మెట్టుకీ రెండున్నర రెట్లు, కొంచెం అటూ ఇటూ. దాని ప్రకారం నీ ముడుల సైజులు వేసుకోవచ్చుగా?

మాధవి: ఆ లెక్క నేనూ వేశాను వదినా. రాత్రి అన్ని చుక్కల్లోకీ ఎక్కువ మెరిసే సిరియస్ మైనస్ 1.46. కంటికి ఆనే ఆఖరి చుక్క 6. రెండిటికీ తేడా దాదాపు వెయ్యి రెట్లు! నా దగ్గరున్నది ఆరు పోగుల యాంకర్ దారం. అన్నిటికన్నా చిన్నది, ఒక పోగు, ఒక చుట్టు. పెద్దది, ఆరు పోగులు, రెండు చుట్లు. మూడు చుట్లు దాటితే ఫ్రెంచ్ నాట్ పక్కకి ఒరుగుతుంది. వెయ్యి రెట్లు ఎక్కడినుంచి తేను?

సుజాత: అయితే సిరియస్‌కి అద్దం పెట్టు.

మాధవి: ఛీ.

సుజాత: ఛీ ఏంటి, లంబాడీ వాళ్ళు పెట్టట్లేదూ?

మాధవి: వాళ్ళు పెడితే అందం. నేను పెడితే నవరాత్రి లంగా. నేను రంగుల్లో సరిచూసుకున్నాను. ఆర్ద్రకి ఇటుక రంగు, రోహిణికి నారింజ, సిరియస్‌కి తెల్లదారంతో కలిపి ఒక పోగు లేత నీలం. దక్షిణం పక్కన కింద అగస్త్యుడు ఉన్నాడు, ఉత్తర దేశం వాళ్ళకి అంత సులువుగా దొరకనివాడు. అది మాత్రం మన ఊరి గొప్ప.

సుజాత: అది ఒప్పుకుంటా. కానీ ఫలానా రాత్రి మబ్బు పట్టిందనుకో, మబ్బు కుడతావా?

మాధవి: కుడతా.

సుజాత: నీతో వాదించలేను. పోగ్సన్ దగ్గర పనిచేసిన రఘునాథాచారి ఇలాగే "నాకు కనిపించింది చాలు" అనుకుని ఉంటే...

మాధవి: వదినా!

సుజాత: ఒక్క నిమిషం. అదే నుంగంబాక్కంలో కూర్చుని 1867లో ఆర్ రెటిక్యులీ అనే చుక్క వెలుగు మారుతోందని పట్టుకున్నాడు. మన ఊళ్ళోంచి చూస్తే దక్షిణాన బాగా కిందన ఉండే చుక్క అది. పాత లెక్కతో పోల్చి చూసుకోబట్టే కదా తేడా తెలిసింది? ఆ మరుసటి ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఆయన వనపర్తి వెళ్ళాడు, పోగ్సన్ మచిలీపట్నం, ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి గుంటూరులో...

మాధవి: గుంటూరు అంటే మాత్రం నేనేమీ అనను.

సుజాత: నీ పుట్టింటి పక్షపాతం.

మాధవి: ఉంటుంది మరి. కానీ వాళ్ళు కొలవడానికి చూశారు. నేను కొలవట్లేదు. నీకు గుర్తుందా, 2023 డిసెంబరు, మిచౌంగ్ తుపాను? వేళచ్చేరిలో కరెంటు పోయి, కింద పార్కింగ్ అంతా నీళ్ళు. అన్నయ్య ఫోన్ కలవట్లేదు.

సుజాత: ఊఁ.

మాధవి: వాన తగ్గాక రాత్రి మేడెక్కాను. ఆ ఊళ్ళో అన్ని చుక్కలు నేనెప్పుడూ చూడలేదు. ఒక పక్క భయం, ఒక పక్క చూస్తూ నిలబడిపోయాను. ఇది మొదలుపెట్టింది అందుకే. జనవరిలో కుట్టినా మనసులో ఉన్నది ఆ రాత్రే.

సుజాత: ఈ సంగతి నాకు చెప్పలేదే.

మాధవి: నువ్వు అప్పుడు కడలూరులో ఉన్నావు. తర్వాత చెప్పబుద్ధి కాలేదు.

సుజాత: ...మీ అన్నయ్య మర్నాడు పాల ప్యాకెట్లు పట్టుకుని వచ్చాడు కదూ.

మాధవి: ఎనిమిది ప్యాకెట్లు. కాచడానికి గ్యాస్ లేదు.

సుజాత: (నవ్వు) ఆయనంతే. సరేగానీ, చూసిందే కుట్టాలని రూలేమీ లేదు. అమెరికాలో హ్యారియట్ పవర్స్ కుట్టిన బొంతలో 1833 నాటి ఉల్కల వాన ఉంది. ఆమె పుట్టిందే 1837లో. బానిసగా పుట్టిన మనిషి, పెద్దవాళ్ళ దగ్గర విన్నది కుట్టింది.

మాధవి: విన్నది కుట్టింది, పటం చూసి కాదు. నా మాటే నువ్వు చెప్తున్నావు.

సుజాత: అయితే ఎలెన్ బేకర్? 1876లో అయోవాలో సౌర కుటుంబాన్ని బొంత మీద కుట్టి, దాన్ని తగిలించి ఖగోళం పాఠాలు చెప్పింది. ఇప్పుడు అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. పాఠం చెప్పాలంటే గ్రహాల వరస సరిగ్గా ఉండాలిగా?

మాధవి: నేను ఎవరికి పాఠం చెప్తున్నాను? ఇది మా హాల్లో సోఫా పైన.

సుజాత: రేపు మీ పిల్ల అడుగుతుంది, అమ్మా, ధ్రువుడేడీ అని.

మాధవి: ట్యాంక్ చూపిస్తా.

సుజాత: మొండిదానివి.

మాధవి: మీ ఇంటి ఆడపడుచునే. సరే, ఒక శ్రోత ప్రశ్న. ఫ్రెంచ్ నాట్ వేస్తుంటే సూది కన్ను దగ్గర ఇరుక్కుంటోందట, ఏ సూది వాడాలి అని. మిల్లినర్స్ సూది అడగండి. దాని కన్ను కూడా సూది మందమే ఉంటుంది, చుట్లలోంచి జారిపోతుంది. ఎంబ్రాయిడరీ సూది కన్ను వెడల్పు, అందుకే పట్టేస్తుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. ఆరు పోగులకి...

సుజాత: ఉండు, కింద హారన్ వినబడుతోందా?

మాధవి: నీళ్ళ లారీ. ఈ రోజు మనింటి వంతు కాదే.

సుజాత: మూడో అంతస్తు వాళ్ళు బుక్ చేసుంటారు. వాళ్ళు ఊళ్ళో లేరు, సంపు మూత తాళం నా దగ్గరే ఉంది. నువ్వు చెప్తూ ఉండు.

మాధవి: ఒక్కదాన్నే ఎవరితో చెప్పను? వదినా, మైకు తీసి వెళ్ళు! మైకు, మైకు...