ఈ అబ్బాయి ఏం పని చేస్తాడు? నా మొదటి ప్రేమ నవల వెనక కథ

నమస్కారం. ఎప్పటిలాగే పుస్తకం చేతిలో పట్టుకుని మీ ముందు కూర్చున్నాను. కాకపోతే ఈసారి ఇది వేరేవాళ్లది కాదు, నాది. ఇన్నాళ్లూ ఈ చానల్‌లో ఇతరుల నవలలకు వంకలు పెట్టాను కదా, ఇప్పుడు నా తప్పులు నేను ఒప్పుకోవాలి. మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: నల్లగొండలో కూర్చుని ప్రేమ నవల ఎలా రాశావు, ఎవరిని చూసి రాశావు? ఒక్క పేరు చెప్పి తప్పించుకోవచ్చు, కానీ అది అబద్ధం అవుతుంది. ఈ నవలకు మూలం ఒక రేకు పెట్టె.

మా మేనత్త ఇంట్లో అటక మీద ఉండేది ఆ పెట్టె. అందులో వారపత్రికల నుంచి కత్తిరించిన సీరియల్ పేజీలు ఉండేవి. దబ్బనంతో గుచ్చి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ అట్టలు వేసి పుస్తకాలుగా దాచుకుంది అత్త. ఒక సీరియల్ పేజీ వెనక సగం వంకాయ కూర తయారీ, ఇంకో పేజీ వెనక వారఫలాలు. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో పెట్టె మొత్తం చదివేశాను. అందులో ఒక నవలకు చివరి వారం లేదు. నాయిక రైల్వే స్టేషన్‌లో నిలబడి ఉంది, రైలు కదలబోతోంది, అక్కడితో పురికొస ముడి వచ్చేసింది. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు లెక్కల నోటు పుస్తకం వెనక నాలుగు పేజీల్లో ముగింపు నేనే రాసుకున్నాను. ఇద్దరికీ పెళ్లి చేశాను, వాన కూడా కురిపించాను. మా ప్రాంతంలో వాన పడిందంటే అంతకు మించిన శుభం ఉండదు మరి.

ఆ నాలుగు పేజీలే నా మొదటి ప్రేమకథ. ఆ తరువాత చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఇవన్నీ మీకూ తెలిసినవే.

మళ్లీ కలం పట్టి నూట ఇరవై పేజీల చిత్తుప్రతి రాశాను. ఆరడుగుల నాయకుడు, హైదరాబాద్‌లో కొండ మీద బంగళా, తెల్ల కారు, హాల్లో పియానో. మా వీధి మొత్తానికి ఉన్నది ఒక్క హార్మోనియం, అదీ భజన మందిరంలో. అయినా పియానో రాశాను! సంతోషంగా తీసుకెళ్లి అత్తకు ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు చదివి, "బిడ్డా, ఈ అబ్బాయి ఏం పని చేస్తాడు?" అని అడిగింది.

"వ్యాపారం, అత్తా."

"ఏం వ్యాపారం?"

నేను నీళ్లు నమిలాను.

"పొద్దున ఎన్ని గంటలకు లేస్తాడు? చేతులు ఎట్లా ఉంటాయి? నీకే తెలియనివాడికి పిల్లనెట్లా ఇస్తున్నావు?"

ఆ చిత్తుప్రతిని పక్కన పెట్టేశాను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఆ పాత సీరియళ్లను నేను చిన్నచూపు చూడటం లేదు. పాఠ్యపుస్తకం మధ్యలో దాచుకుని, పొయ్యి ముందు కూర్చుని, అద్దె పుస్తకాల దుకాణంలో రోజుకు కొన్ని పైసలు కట్టి ఆడవాళ్లు చదివిన నవలలవి. నాయిక డబ్బున్నవాడి ముందు తల వంచకపోవడం నేను మొదట చూసింది వాటిలోనే. అది నేను తీసుకున్నాను. బంగళాను మాత్రం వదిలేశాను.

అప్పుడు గట్టుప్పల వెళ్లాను. నల్లగొండ జిల్లాలో చేనేత ఊరు అది. అక్కడా, చుట్టుపక్కల పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి ఊళ్లలోనూ చిటికి పని, అంటే ఇక్కత్ నేత పని చేస్తారు. చాలామంది అనుకున్నట్టు ఆ చీర మీద రంగులు అద్దరు. మగ్గం ఎక్కకముందే పువ్వో చిలకో నూలులో ఉంటుంది. నూలును ఆసు పోసి, గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. రంగులో ముంచుతారు, విప్పుతారు, మళ్లీ కడతారు, మళ్లీ ముంచుతారు. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు చెదురుతుంది. అసలు ఆ కొద్దిపాటి చెదురే ఆ బట్టకు అందం. అచ్చు వేసినంత నున్నగా అంచు కనిపిస్తే అనుమానించండి.

ఇవన్నీ చెప్పేవాళ్లు చెప్పారు. నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆసు. అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ పోయాలి. ఒక చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. ఎక్కువగా ఈ పని చేసేది ఆడవాళ్లే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నా నవలలో కాలం 1997. అంటే నా నాయిక ఇంటికి ఆ యంత్రం ఇంకా రాలేదు. ఆ సంవత్సరం ఎందుకు ఎంచుకున్నానో ఇప్పుడు అర్థమైంది కదా? సెల్‌ఫోన్లు లేని కాలం కావాలనా అని ఒకరు అడిగారు. అదీ ఉంది. కానీ ఆ అమ్మాయి భుజం నొప్పి నాకు అంతకన్నా ముఖ్యం. ఈ నవలలో నాయకుడు ఇచ్చే మొదటి కానుక పువ్వు కాదు, నొప్పికి రాసుకునే తైలం సీసా. అత్త ఆ పేజీ దగ్గర చదవడం ఆపి, "ఈ పిల్లవాడు నచ్చాడు" అంది.

మరి వాడు ఏం పని చేస్తాడు? బత్తాయి తోట.

నల్లగొండ బత్తాయి అందరికీ తెలుసు కానీ పూత ఎలా వస్తుందో తోట లేనివాళ్లకు తెలియదు. చెట్టుకు ఎప్పుడూ నీళ్లు పెడుతూ పోతే ఆకులు దట్టంగా వస్తాయి, కొమ్మలు పెరుగుతాయి. పూత మాత్రం సరిగ్గా రాదు. అందుకని చలికాలంలో నీళ్లు ఆపేస్తారు. దీన్నే బెట్టకు గురిచేయడం అంటారు. నేలను బట్టి నెల, నెలన్నర. ఆకులు వాలిపోతాయి, కొన్ని రాలతాయి. చూసేవాళ్లకు తోట చచ్చిపోతున్నట్టే ఉంటుంది. ఆ తరువాత ఎరువు వేసి నీళ్లు పెడతారు. అదీ ఒక్కసారిగా కాదు. మొదటి తడి పలచగా, తరువాతి తడి కాస్త ఎక్కువగా. అప్పుడు తోటంతా ఒక్కసారి పూస్తుంది. బెట్ట తక్కువైతే పూత పలచన, ఎక్కువైతే చెట్టుకే ముప్పు. ఎక్కడ ఆపాలో రైతు ఆకును చూసి చెప్పాలి.

నాకు తోట చూపించిన రైతు ఇదంతా ఎరువుల ధరలు తిట్టుకుంటూ, మధ్యమధ్యలో చెప్పుకుపోయాడు. ఆయనకు తెలియదు, నా నవలకు నడుము అక్కడ దొరికిందని. అప్పటిదాకా నా నాయికానాయకులు ప్రతి అధ్యాయంలో కలుసుకుంటూనే ఉన్నారు. ఆకులే ఆకులు! ప్రేమికుల ఎడబాటుకు మన కావ్యాల వాళ్లు విప్రలంభం అని ఒక పెద్ద పేరు పెట్టి ఎప్పుడో చెప్పారు, నేను పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోయాను. ఇంటికి వచ్చి మధ్యలో పదకొండు అధ్యాయాలు కొట్టేశాను. బోరు ఎండింది, వాడు తోట వదిలి పనికి వెళ్లాడు. నలభై పేజీలు ఇద్దరూ ఒకరికొకరు కనిపించరు. తిరిగి కలిసినప్పుడు కూడా పరిగెత్తుకుని రారు. మొదటి రోజు నూలు ధర గురించి మాట్లాడుకుంటారు, అంతే. పలచటి తడి. ఆ అధ్యాయం చప్పగా ఉందని ఇద్దరు పాఠకులు రాశారు. ఉండనివ్వండి. ఆ పేజీలు మాత్రం మార్చను.

పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం గురించి అడుగుతారని తెలుసు. నల్లగొండ పక్కనే, కుందూరు చోడ రాజుల కాలపు త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. నేరు ఎండ వల్ల కాదు, మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగు వల్ల ఆ నీడ. మూడుసార్లు వెళ్లి కూర్చున్నాను. "కదలని నీడలా నీ ప్రేమ" అని ఒక వాక్యం కూడా రాశాను. మరుసటి రోజు చదివితే నాకే సిగ్గేసింది. నవలలో ఇప్పుడు మిగిలింది ఒకటే: సాయంత్రానికి నీడ జరుగుతుందని వాడు పందెం కాస్తాడు, ఓడిపోతాడు, శనగలు కొనిపెడతాడు.

కులం మాట ఎత్తకుండా ఈ జిల్లాలో ప్రేమకథ రాస్తే అది అబద్ధం. కులం దాటి ప్రేమించినందుకు ప్రాణాలు పోయిన వార్తలు మనం చదివాం, మన పక్క ఊళ్ల పేర్లతో చదివాం. అందుకే నా కథలో అసలు భయం నాయిక వాళ్ల అన్నయ్య మాటల్లో కాదు, అతని మౌనంలో ఉంటుంది. చంపుకోవడాలు పెట్టలేదు. ధైర్యం చాలక అనుకుంటే అనుకోండి, నాకు వాళ్లిద్దరూ బతికి ఉండటం కావాలి.

"తెలంగాణ నుంచి ప్రేమ నవలా? అక్కడివాళ్లు పోరాటం రాస్తారు కదా" అని ఒక పెద్దమనిషి అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు గుర్తొచ్చారు. ఆయనది మా పక్క పాలమూరు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, ఆయన వాదనకు దిగలేదు. 354 మంది కవులను పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. నా చేతిలో అంత సరుకు లేదు. ఒక్క నవల ఉంది. అదే ఇచ్చి వచ్చాను.

రాయడం ఎక్కడ అంటే, దేవరకొండ బస్సులో. ఉద్యోగానికి వెళ్తూ వస్తూ ఫోనుకు మెల్లగా చెబితే అది రాసుకునేది. "ముద్దు పెట్టాడు" అంటే "మొద్దు పెట్టాడు" అని రాసింది. గట్టిగా మళ్లీ చెప్పాను. బస్సులో ముందు సీటులోని ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. అప్పటి నుంచి అలాంటి ఘట్టాలన్నీ ఇంట్లోనే, చేత్తోనే రాశాను.

అచ్చు, ఖర్చు, అమ్మకాల బాధలు ఇంకోసారి చెప్పుకుందాం.

మొదటి కాపీ అత్తకు ఇచ్చాను. చదవడానికి వారం తీసుకుంది. మూసి పక్కన పెట్టి, అటక మీది పెట్టె దింపమంది. ఇన్నేళ్లలో నేను అడగనే లేదు, ఆ సీరియల్ చివరి వారం ఎందుకు లేదో. ఆ రోజు అడిగాను. "ఆ వారం వాగు వచ్చింది. బస్సు రాలేదు, పత్రికా రాలేదు" అంది. మరి కథ ఎలా ముగిసిందో తరువాతైనా తెలుసుకోలేదా అంటే, లేదంది. తానూ ఒక ముగింపు అనుకుందట.

"ఏమనుకున్నావు అత్తా? పెళ్లి అయిందా?"

"లేదు. రైలు ఎక్కింది."

"అతనితోనా?"

అత్త పురికొస ముడి సరిచేస్తూ, "ఒక్కతే" అంది.