అరుంధతి పక్కనున్నదాన్ని ఎవరు తూచారు?

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా హన్మకొండలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని సార్లకు, మేడమ్‌లకు, వెనుక బెంచీల పిల్లలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయంలో పావు వంతు అక్కడే పోతుంది. శాలువాలు చివర్లో చూసుకుందాం. రామన్ గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు బాగానే చెప్పారు. నేను నేరుగా ఒక మసక చుక్క దగ్గరికి పోతాను.

దాని పేరు సీఎం డ్రాకోనిస్. నవ్వకండి, ఆ సీఎంకు ఈ సీఎంకు సంబంధం లేదు. వెలుగు మారే నక్షత్రాలకు అక్షరాల జతతో పేర్లు పెడతారు, డ్రాకో మండలంలో ఈ చుక్కకు ఆ జత వచ్చింది. అదే మండలంలోని ఈటా డ్రాకోనిస్ అనే చుక్క నుంచి దక్షిణానికి నాలుగున్నర డిగ్రీలు దిగితే అక్కడుంటుంది. దూరం సుమారు 48 కాంతి సంవత్సరాలు, అంటే మన ఇంటి పక్కనే. అయినా ప్రకాశ తరగతి 12.9 (అంకె పెరిగేకొద్దీ చుక్క మసక). మంచి చీకట్లో కంటికి ఆనే చివరి చుక్క 6వ తరగతిది. ఇది దానికంటే ఐదు వందల రెట్లకు పైగా మసక.

ఒక్క చుక్కలా కనబడే ఇది రెండు ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల, అంటే సూర్యుడి కంటే చిన్నవి, చల్లనివి అయిన నక్షత్రాల జంట. ఆ రెండూ ఒకదాన్నొకటి 1.268 రోజులకోసారి చుట్టేస్తాయి. వాటి కక్ష్యను మనం దాదాపు సరిగ్గా అంచు వైపు నుంచి చూస్తున్నాం కాబట్టి చుట్టుకు రెండు గ్రహణాలు పడతాయి. ఆ సంగతి 1967లో ఒలిన్ ఎగెన్, అలన్ శాండేజ్ బయటపెట్టారు. 1977లో క్లాడ్ లేసీ మొదటి పూర్తి కొలతలు ఇచ్చాడు. 2009లో మొరాలెస్ బృందం వాటిని ఒక శాతం కంటే మెరుగైన కచ్చితత్వానికి తెచ్చింది.

ఇప్పుడు పెన్నులు తీయండి. ఇంటర్ పిల్లలు కూడా చేయగలిగే లెక్క ఇది.

పెద్ద టెలిస్కోపుకు వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫ్ తగిలించి చూస్తే రెండింటి వర్ణపటపు గీతలూ విడివిడిగా అటూ ఇటూ జరుగుతుంటాయి. దగ్గరికొచ్చేదాని గీత నీలం వైపు, దూరం పోయేదాని గీత ఎరుపు వైపు జరుగుతుందనే డాప్లర్ సూత్రం ప్రకారం ఒకదాని వేగం సెకనుకు 72 కిలోమీటర్లు, రెండోదానిది 78. బరువైంది నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ద్రవ్యరాశుల నిష్పత్తి 78కి 72. రెండు వేగాలు కలిపితే 150. కాలాన్ని సెకన్లలోకి మారిస్తే 1,09,590. వేగాన్ని కాలంతో గుణించి 2πతో భాగించండి. వాటి మధ్య దూరం 26 లక్షల 20 వేల కిలోమీటర్లు వస్తుంది. భూమికి చంద్రుడికి మధ్య ఉన్న దూరానికి ఏడు రెట్లు కూడా లేదు! ఇప్పుడు కెప్లర్ మూడో నియమం. దూరాన్ని ఖగోళ ప్రమాణంలోకి (భూమికి సూర్యుడికి మధ్య దూరం ఒకటి అనుకుని), కాలాన్ని సంవత్సరాల్లోకి మార్చి, దూరం ఘనాన్ని కాలం వర్గంతో భాగిస్తే మొత్తం ద్రవ్యరాశి సూర్యుడిలో 0.445 వంతు. దాన్ని 78కి 72 లెక్కన పంచితే 0.231, 0.214. అయిపోయింది. రెండు నక్షత్రాలను తూచేశారు.

వ్యాసార్థాలకు గ్రహణం చాలు. మొదటి స్పర్శ నుంచి చివరి స్పర్శ దాకా సుమారు 76 నిమిషాలు. సెకనుకు 150 కిలోమీటర్ల చొప్పున ఆ సమయంలో ఎంత దూరం పోతాయో చూసి సగం చేయండి. 3 లక్షల 42 వేల కిలోమీటర్లు. అది రెండు వ్యాసార్థాల మొత్తం, సూర్యుడి వ్యాసార్థంలో దాదాపు సగం. గ్రహణపు వాలు ఎంత నిటారుగా ఉందో, అడుగు ఎంతసేపు ఉందో చూసి విడదీస్తే ఒకటి 0.253, రెండోది 0.240. ఉష్ణోగ్రత అడిగితే రెండూ 3,100 కెల్విన్ల పైచిలుకు. ఒక్కోటి సూర్యుడి వెలుగులో రెండు వందల వంతు దరిదాపుల్లో ఇస్తుంది. ఇక సాంద్రత మీరే వేసుకోండి. ఘన సెంటీమీటరుకు 20 గ్రాములు వస్తుంది. బంగారం 19.3. లోపలంతా వాయువే, సగటున బంగారం కంటే బరువు.

ఈ లెక్కలో ఒక షరతు ఉంది, దాన్ని పుస్తకాలు రెండు ముక్కల్లో దాటేస్తాయి. నక్షత్రం ద్రవ్యరాశి నేరుగా తెలిసేది దాని చుట్టూ ఇంకోటి తిరిగితేనే. గ్రహణమూ ఉండి, రెండింటి గీతలూ కనబడితేనే ద్రవ్యరాశి, వ్యాసార్థం రెండూ ఏ ఊహా లేకుండా చేతికొస్తాయి. ఒంటరి నక్షత్రానికి "ద్రవ్యరాశి ఇంత" అని రాసి ఉంటే, ఎవరో దాని వెలుగు చూసి, ఇలాంటి జంటలతో పోల్చి రాశారని అర్థం. సీఎం డ్రాకోనిస్ లాంటివి తూకపు రాళ్లు. అంగడి మొత్తం వాటి మీదే నడుస్తుంది, రాళ్లేమో గుప్పెడే.

నేను వరుసగా పరిశీలన పద్ధతి చెప్పాలి. కానీ ముందు అరుంధతి సంగతి చెప్పకుండా ఉండలేను. ఇది లగ్గాల కాలం.

వశిష్ఠుడు, అంటే మిజార్, దూరదర్శినిలో రెండుగా విడిపోతాడని 1617లోనే బెనెడెట్టో కాస్టెల్లి చూశాడు. ఆ రెండిట్లో ప్రకాశవంతమైంది మళ్ళీ జంట అని 1889లో పికరింగ్ చెప్పాడు. వర్ణపటం ద్వారా దొరికిన మొట్టమొదటి జంట నక్షత్రం అదే, ఒక్క చుట్టుకు ఇరవై రోజుల పైన. ఇదంతా చాలామందికి తెలుసు. తెలియనిది అరుంధతి సంగతి. 2009లో రెండు బృందాలు వేర్వేరుగా అరుంధతికి ఒక ఆర్క్ సెకండు (డిగ్రీలో 3600వ వంతు) దూరంలో ఒక ఎర్ర మరుగుజ్జును కనుగొన్నాయి. సూర్యుడి ద్రవ్యరాశిలో పావు వంతు, కాస్త ఎక్కువ. మన సీఎం డ్రాకోనిస్ కులమే. ఒక్క చుట్టు పూర్తి చేయడానికి దానికి వందేళ్ల స్థాయిలో పడుతుంది. మరి ఆ పావు వంతు అని ఎవరు తూచారు? ఎవరూ తూచలేదు. వెలుగు చూసి అంచనా వేశారు. ఆ అంచనా ఏ రాళ్లతో సరిచూసినదో ఇప్పుడు మీకు తెలుసు.

అసలు అరుంధతిని చూపించే పద్ధతి గురించి ఒక మాట. అయ్యవార్లు కోపం తెచ్చుకోవద్దు. మన అక్షాంశం 18 డిగ్రీలు, సప్తర్షి మండలం ఇక్కడ ఏడాదంతా కనబడదు. నవంబరు నడిమిట్ల అరుంధతి పొద్దుగూకే వేళకే మునిగిపోయి, మళ్ళీ రాత్రి రెండింటి సుమారుకు లేస్తుంది. కార్తీకంలో రాత్రి తొమ్మిదికి ఫంక్షన్ హాలు బయట నిలబెట్టి వేలు చూపిస్తే ఆ వేలు చివర ఉండేది హైమాస్ట్ లైటు. పట్టపగలు చూపించేవాళ్ల గురించి చెప్పను. ఫిబ్రవరి చివర్లో, అంటే ఈ రోజు రాత్రి, పదిన్నర తర్వాత ఈశాన్యం చూడండి, నిజంగా ఉంటుంది. ఏప్రిల్, మే లగ్గాలకైతే రాత్రి భోజనాల వేళకే ఉత్తరాన యాభై డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. ముహూర్తం పెట్టేవాళ్లు లగ్నంతో పాటు ఇది కూడా చూస్తే ఏం పోయింది? సరే, దారి తప్పాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

సీఎం డ్రాకోనిస్‌ను వరంగల్ నుంచి పట్టడం ఎట్ల?

ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, చల్లబరిచే కెమెరా, ఎరుపు ఫిల్టరు ఉండాలి. ఫిల్టరు లేకుండా తీస్తే చిత్రం బాగుంటుంది, కొలత పాడవుతుంది. ఈ చుక్క చాలా ఎరుపు, పక్కన పోల్చుకునే చుక్కలు అంత ఎరుపు కావు. చుక్క దిగేకొద్దీ గాలి నీలాన్ని ఎక్కువ మింగి ఎరుపును తక్కువ మింగుతుంది, దాంతో కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీతలో లేని వాలు ఒకటి కనబడుతుంది. దాన్ని నక్షత్రం మీది మచ్చ అనుకునే ప్రమాదముంది. ముప్పై డిగ్రీల ఎత్తు కంటే కింద తీయకండి. ఒక్కో ఎక్స్‌పోజరు ఒక నిమిషం. పోల్చే చుక్కలు కనీసం రెండు, అవి సెన్సారులో నిండిపోకూడదు. గ్రహణానికి గంట ముందు మొదలుపెట్టి, అయ్యాక ఇంకో గంట కొనసాగించాలి. అటూ ఇటూ సాపు గీత లేకపోతే లోతు తేలదు. లోతు మాత్రం చిన్నదేం కాదు, వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక్కడ మూడు చోట్ల బోల్తా పడతారు. మొదటిది, ఈ జంట ఆకాశంలో ఏడాదికి 1.6 ఆర్క్ సెకండ్లు జరుగుతుంది. 2000 సంవత్సరపు స్థానం వేసి సాఫ్ట్‌వేరును వదిలేస్తే 2025కే నలభై ఆర్క్ సెకండ్లు పక్కకు పోయి ఖాళీ ఆకాశాన్నో, ఇంకో చుక్కనో కొలుస్తుంది. రెండోది, సుమారు 26 ఆర్క్ సెకండ్ల దూరంలో ఒక తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయిన నక్షత్రంలో మిగిలిన గుండె) ఈ జంటతో కలిసి ప్రయాణిస్తోంది. చిత్రంలో చుక్క చుట్టూ గీసి కొలిచే వలయం పెద్దది పెడితే దాని వెలుగు కూడా లోపలికొస్తుంది. అది ఈ జంట అంత ఎరుపు కాదు కాబట్టి నీలం ఫిల్టరులో ఇంకా ఎక్కువ చెడగొడుతుంది. వలయం వ్యాసార్థం పది ఆర్క్ సెకండ్లు దాటొద్దు. మూడోది మన ఎండాకాలం. కాంక్రీటు డాబా అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది, చుక్క వణుకుతుంది. సెన్సారు ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు పెరిగితే డార్క్ కరెంటు, అంటే వెలుగు పడకున్నా వేడికి సెన్సారులో పుట్టే సంకేతం, సుమారు రెట్టింపవుతుంది. బయట ముప్పై డిగ్రీలుంటే సున్నాకు తెచ్చి అక్కడే స్థిరంగా ఉంచండి. మైనస్ పదిహేను పెట్టి కూలరును నూటికి నూరు పాళ్లు నడిపితే మధ్యలో జారిపోతుంది, దాన్ని తీసేయడానికి మూత వేసి తీసే డార్క్ ఫ్రేములు సరిపోవు. డాబా కంటే మట్టి నేల నయం. పాకాల దిక్కో, తాడ్వాయి దిక్కో పోగలిగితే మరీ మంచిది.

ఒక గ్రహణం నుంచి తర్వాతి గ్రహణానికి, అంటే చుట్టులో సగానికి, పట్టే కాలం 15 గంటల 13 నిమిషాలు. పదకొండు సగాలు కలిపితే వారానికి సుమారు 34 నిమిషాలు తక్కువ. అంటే ఈ శనివారం రాత్రి మూడు గంటలకు గ్రహణం పడితే, వచ్చే శనివారం రెండు గంటల ఇరవయ్యారు నిమిషాలకు ఇంకోటి పడుతుంది. అయితే ఈసారి రెండో నక్షత్రం వెనక్కి పోతుంది. ఒక్క వారం తేడాతో రెండు రకాలూ మీకు దొరుకుతాయి. ఉద్యోగాలున్నవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన చుక్క లేదు.

ఇప్పుడు నా అసలు బాధ. గడియారం.

పిల్లలు గీత చక్కగా గీసి తెస్తారు. "సమయం ఎక్కడిది?" అంటే ల్యాప్‌టాప్‌దంటారు. అది ఇంటర్నెట్‌తో ఎప్పుడు సరిచేశారంటే జవాబు ఉండదు. నెట్ లేని పొలంలో రాత్రంతా నడిచిన ల్యాప్‌టాప్ గడియారం సెకన్ల కొద్దీ జారుతుంది. భారత కాలమానంలో రాశారా, ప్రపంచ కాలమానంలోనా? ఐదున్నర గంటల తేడా మరిచిపోతే గ్రహణం ఇంకో రోజుకు పోతుంది. ఫైలులో ఉన్న సమయం ఎక్స్‌పోజరు మొదటిదా, మధ్యదా? ఒక నిమిషం ఎక్స్‌పోజరుకు అక్కడే ముప్పై సెకన్లు తేడా. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వెలుగు కాస్త ముందో వెనకో చేరుతుంది; దానికి చేసే సవరణ ఈ చుక్కకు అటూ ఇటూ రెండే నిమిషాలు, ఇది క్రాంతివృత్త ధ్రువానికి (భూమి కక్ష్య తలానికి నిలువుగా ఉండే దిక్కుకు) దగ్గరగా ఉంది కాబట్టి. రెండే నిమిషాలని వదిలేయకండి. 1994 నుంచి ఈ జంట చుట్టూ గ్రహాల కోసం వెతికినవాళ్లు గ్రహణ సమయాల్లో సెకన్ల తేడాలు కూడా చూశారు.

ఇంకో పాపం, గ్రాఫు ఉంచుకుని ముడి ఫైళ్లు చెరిపేయడం. పెన్‌డ్రైవులో చోటు లేదట! నిజామియా వేధశాల సంగతి వినండి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో మొదలుపెట్టిన ఆ వేధశాల, ఆకాశపు ఫొటో సర్వేలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీని తీసుకుంది. గాజు పలకలు తీసి, ఒక్కో చుక్క స్థానం కొలిచి, తేదీతో సహా అచ్చు వేసింది. ఆ సర్వేలోని స్థానాలే 2000లో వచ్చిన టైకో-2 నక్షత్రాల జాబితాలో చుక్కల కదలికలు తేల్చడానికి పనికొచ్చాయి. కొలిచినవాళ్లెవరూ అప్పటికి లేరు. అంకె, తేదీ ఉన్నాయి. మీ దగ్గర గ్రాఫు బొమ్మ ఒక్కటే ఉంటే రేపు దాంతో ఎవరూ ఏమీ చేయలేరు.

ఎందుకింత పట్టుదల అంటారా? ఈ జంట నక్షత్రాల వ్యాసార్థాలు సిద్ధాంతం చెప్పినదాని కంటే కొన్ని శాతాలు పెద్దగా ఉన్నాయి. రెండూ ఒకదానికొకటి కట్టుబడి 1.27 రోజులకోసారి తమ చుట్టూ తాము తిరుగుతున్నాయి, దాంతో అయస్కాంత క్షేత్రం బలంగా ఉంది, ఉపరితలం మీద మచ్చలున్నాయి, మంటలు ఎగుస్తాయి. మచ్చలు వేడిని అడ్డుకుంటే నక్షత్రం ఉబ్బుతుందని ఒక వివరణ, ఇంకా తేలలేదు. ఎర్ర మరుగుజ్జు ముందు నుంచి దాటే గ్రహం సైజు చెప్పాలంటే ముందు నక్షత్రం సైజు తెలియాలి. ట్రాపిస్ట్-1 అనే ఎర్ర మరుగుజ్జు చుట్టూ ఏడు గ్రహాలని 2017లో పేపర్లన్నీ రాశాయి కదా, ఆ సైజులన్నీ ఆ నక్షత్రం వ్యాసార్థం మీదే ఆధారపడతాయి. అక్కడ ఐదు శాతం తప్పితే గ్రహం దగ్గర ఐదు శాతం తప్పుతుంది, సాంద్రతలో పదిహేను. రాయి గ్రహమో నీటి గ్రహమో అక్కడే తారుమారవుతుంది. మన పాలపుంత నక్షత్రాల్లో ముప్పావు వంతు ఎర్ర మరుగుజ్జులే. ఒక్కటీ కంటికి కనబడదు.

ఒక్క నిమిషం, అయిపోయింది. ఈ రాత్రి ఆ చుక్క పదీ పావుకు లేస్తుంది, రెండు దాటాక కొలిచే ఎత్తుకు వస్తుంది. మే చివరికి అర్ధరాత్రికే ఉత్తరాన తన గరిష్ఠ ఎత్తులో ఉంటుంది, కానీ అప్పుడు సాయంత్రాల గాలిదుమారాలు, జూన్‌లో మొగులు. కాబట్టి మార్చి, ఏప్రిల్ మీవి. ఏ కళాశాల స్టోర్‌రూంలో టెలిస్కోపు తాళం వేసి ఉందో ఇక్కడున్న సార్లకు తెలుసు. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. పేర్లిచ్చే పిల్లలు బయట రిజిస్టరులో రాయండి, ఫోన్ నంబరుతో పాటు మీ ల్యాప్‌టాప్ గడియారం ఇప్పుడు ఎన్ని సెకన్లు తప్పుతోందో కూడా చూసి రాయండి.