నీలం హోస్టా: నీడ ఉంటే చాలదు

(దృశ్యం: ఆముదం కాడ, దాని మీద బొటనవేలు)

నమస్కారమండీ. ఈ ఆముదం కాడ మీద బూడిద పూసినట్టుంది, చూశారా? వేలితో ఇలా రుద్దితే... పోయింది. కింద మామూలు రంగే. ఇవాళ చెప్పుకునే మొక్క గుట్టంతా ఈ బూడిదలోనే ఉంది.

(దృశ్యం: నీలం హోస్టా ఫొటో)

పేరు హోస్టా. పుట్టిల్లు జపాన్, చైనా, కొరియా. విదేశీ తోటల వీడియోల్లో చెట్లకింద నీలంగా, గుబురుగా కనబడేది ఇదే. హాల్సియన్, బ్లూ ఏంజెల్ లాంటి రకాలు. నిజానికి ఆ ఆకులో నీలం లేదు. పచ్చటి ఆకు మీద పల్చటి మైనం పొర ఉంటుంది. వెలుతురు దాని మీద పడి చెదిరితే మన కంటికి నీలమవుతుంది. ఎండ తగిలినా, చేత్తో తుడిచినా పొర పోతుంది. అందుకే అక్కడ కూడా ఎండాకాలం ముగిసేసరికి చాలా ఆకులు పచ్చబడిపోతాయి.

"మా వేపచెట్టు కింద బ్రహ్మాండమైన నీడుందన్నా, పెట్టుకోవచ్చా?" అంటారు. చిక్కు నీడతో కాదండీ, చలితో. ఏటా ఆరు వారాల పాటు, 5 డిగ్రీల లోపు చలిలో, ఆకులు రాల్చి మట్టికింద నిద్రపోవాలది. మన కావలిలో సంక్రాంతికి దుప్పటి కప్పుకునే చలి ఎంతని? 20 డిగ్రీల దగ్గర. నిద్రలేని మొక్క ఏటికేడు చిక్కిపోతుంది.

నేనూ ఓ దుంప తెప్పించి ఫ్రిజ్‌లో పడుకోబెట్టా. మా అమ్మ అల్లమనుకుని తొక్క తీయబోయింది! దక్కించుకుని నాటితే నాలుగాకులొచ్చాయి. రోహిణి కార్తె గాడ్పుకి అంచులు మాడాయి. పాపమని నీళ్ళెక్కువ పోశా, మొదలు కుళ్ళింది. "నీలం హోస్టా విత్తనాలు" అని అమ్మేవి మాత్రం అస్సలు కొనకండి. పేరున్న రకాలను దుంప చీల్చో, టిష్యూ కల్చర్‌లోనో, అంటే ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచో, పెంచుతారు. గింజ మొక్కకి తల్లి పోలిక రాదు.

(దృశ్యం: చేమాకు మీద నీటిబొట్టు దొర్లుతుంటుంది)

మరి ఆ నీడలో ఏం వేయాలి? నేనైతే చేమే అంటాను. దీనికీ మైనమే, అందుకే నీళ్ళు అంటుకోవు. పొద్దున్నే ఏటవాలు వెలుతుర్లో చూడండి, ఆకు బూడిదపచ్చగా మెరుస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు పారేచోట, కాస్త చెదురు ఎండ తగిలేలా, మొలక పైకుండేట్టు రెండంగుళాల లోతున దుంప పెట్టండి. మట్టి ఎండనివ్వకండి. ఆకు కోసేటప్పుడు చేతులకి నూనె రాసుకోండి, లేకపోతే సాయంత్రం దాకా గోక్కోవాల్సిందే.