పోటీ బండి ప్యానెళ్లు: కాటా చెప్పని లెక్క

అందరికీ నమస్కారం.

మీరు షెల్ ఎకో-మారథాన్ లాంటి పోటీకి బండి కడుతున్నారు. కాస్త ఇంధనంతో ఎక్కువ దూరం వెళ్లడమే అక్కడ గెలుపు. 2005లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయ బృందం హైడ్రోజన్‌తో నడిపిన పాక్-కార్ 2, లీటరు పెట్రోలుకు సమానమైన శక్తితో 5,385 కిలోమీటర్ల మైలేజ్ సాధించింది. దాని బరువు 30 కిలోల లోపే. ఈ బరువు అందరికీ గుర్తుంటుంది. దాని డ్రాగ్ గుణకం, అంటే ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 0.08 కంటే తక్కువన్నది మాత్రం చాలామందికి గుర్తుండదు. నాకూ గుర్తులేదు. అందుకే దెబ్బతిన్నాను.

మా మొదటి బాడీకి పల్చటి కార్బన్ పొర ఒక్కటే వేశాం. అచ్చులోంచి తీసినప్పుడు ఎంత తేలికో! తీరా బిగించాక పక్క ప్యానెల్ రేకు డబ్బాలా లోపలికీ బయటికీ కొట్టుకుంది. తలుపు దగ్గర వేలు దూరేంత సందు. పుట్టీ రాశాం, రుద్దాం, మళ్లీ రాశాం. చివరికి, మధ్యలో ఫోమ్ వేసుంటే అయ్యే బరువును కూడా దాటిపోయింది.

ఒక లెక్క చూద్దాం. బండీ డ్రైవరూ కలిపి 100 కిలోలు, వేగం గంటకు 25 కిలోమీటర్లు. టైర్ల రోలింగ్ గుణకం (దొర్లేటప్పుడు బరువులో ఎంత వంతు అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.0015 అనుకుంటే వాటి నిరోధం సుమారు 1.5 న్యూటన్లు. డ్రాగ్ గుణకం 0.12, గాలికి ఎదురుగా ఉండే వైశాల్యం 0.3 చదరపు మీటర్లు అయితే గాలి నిరోధం 1 న్యూటన్‌కు కాస్త పైన. ఒక కిలో తగ్గిస్తే మనకు మిగిలేది 0.015 న్యూటన్. సందుల వల్ల గాలి నిరోధం 5 శాతం పెరిగితే పోయేది 0.052. అంటే మూడున్నర కిలోల రాయి బండిలో పెట్టుకున్నట్టే. చదునైన ట్రాక్ మీద, ఒకే వేగంతో వెళ్తే వచ్చే లెక్క ఇది. ఆగి బయల్దేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఇంకా ఎక్కువే తింటుంది. అయినా ప్యానెల్ మొదటి పని రూపం చెడకుండా నిలబడటం.

దానికి దారి శాండ్‌విచ్. ఉన్న పొరను రెండుగా విడదీసి మధ్యలో ఫోమ్ పెడితే బరువు కొద్దిగానే పెరుగుతుంది, వంగకుండా నిలిచే బిగువు ఎన్నో రెట్లవుతుంది. చదరపు మీటరుకు 200 గ్రాముల కార్బన్ గుడ్డ రెండు వైపులా, అంతే బరువు రెజిన్ (గుడ్డను తడిపి గట్టిపరిచే జిగురు), మధ్యలో 5 మిల్లీమీటర్ల తేలికపాటి ఫోమ్ వేస్తే మొత్తం 1.2 కిలోల దగ్గర ఉంటుంది. ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకే 2.7 కిలోలు!

అసలు దొంగ రెజిన్. గుడ్డ బాగా తడిస్తే చాలు, పైన మెరుస్తూ నిలిచిందంతా దండగ బరువే. వ్యాక్యూమ్ బ్యాగ్ వేసి లోపలి గాలి లాగేస్తే చదరపు మీటరుపై దాదాపు 10 టన్నుల బరువుతో బయటి గాలి నొక్కి ఆ మిగులును పిండేస్తుంది. బ్యాగ్‌లో చిన్న చిల్లున్నా ఆ రాత్రి నిద్ర ఉండదు, అది వేరే కథ. ఇంకొకటి, అందం కోసం పైన వేసే మెరుపు పూత, జెల్ కోట్. అర మిల్లీమీటరు మందానికే చదరపు మీటరుకు సుమారు 600 గ్రాములు. నాలుగు చదరపు మీటర్ల బాడీకి రెండు కిలోలు దాటుతుంది. అచ్చునే అద్దంలా పాలిష్ చేసుకుంటే దాని అవసరం ఉండదు.

అతుకులు ముక్కు దగ్గర పెట్టకండి. అక్కడ గాలి సాఫీగా పారుతుంది, చిన్న మెట్టు తగిలినా చెదిరిపోతుంది. వీలైనంత వెనక్కి జరపండి. బోల్టు వచ్చే చోట ఫోమ్ తీసేసి గట్టి ముక్క పెట్టండి, లేకపోతే బిగించగానే నలిగిపోతుంది. కార్బన్ పగిలితే పదునైన ముక్కలవుతుంది కాబట్టి డ్రైవర్ వైపు లోపల ఒక కెవ్లార్ (సులువుగా తెగని గట్టి నార) పొర వేయండి. యాంటెన్నా ఉన్న చోట గ్లాస్ ఫైబర్ వాడండి, కార్బన్ సిగ్నల్‌ను ఆపేస్తుంది.

ప్యానెల్ తూచేటప్పుడు కీళ్లు, స్క్రూలు, టేపు కూడా కాటా మీద పెట్టండి. మేం పెట్టలేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.