మన కొట్టు నిజంగా లాభాల్లోనే ఉందా?

అందరికీ నమస్కారం. మన రాజమండ్రి తాడితోట మార్కెట్‌లో తరతరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న కుటుంబాలవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మార్చి దాటాక ఏ ఆడిటర్‌కైనా మీ దగ్గర్నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "ఈ ఏడు మనకెంత మిగిలిందండీ?" మేం ఒక అంకె చెబుతాం. పన్ను కట్టడానికి ఆ అంకె సరిపోతుంది. కొట్టు ఆరోగ్యం తెలియడానికి మాత్రం సరిపోదు. కుటుంబ వ్యాపారంలో అసలైన ఖర్చులు చాలావరకు పుస్తకాల్లోకి ఎక్కవు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణే, ఏ ఒక్కరి కొట్టూ కాదు. ఏడాదికి 3 కోట్ల అమ్మకం, ఖర్చులన్నీ పోను 18 లక్షల లాభం. బిల్డింగ్ సొంతం. గల్లా దగ్గర తండ్రి కూర్చుంటారు. పెద్దబ్బాయి కొనుగోళ్లకు సూరత్ వెళ్లొస్తాడు, చిన్నబ్బాయి కౌంటర్ చూస్తాడు. బిల్లులు, జీఎస్టీ పెద్ద కోడలి పని. నలుగురిలో ఎవరూ జీతం తీసుకోరు. ఇప్పుడు ఆ బిల్డింగ్ బయటివాళ్లకు ఇస్తే నెలకు 50 వేల అద్దె వస్తుందనుకోండి, ఏడాదికి 6 లక్షలు. ఆ నలుగురి పనికి మనుషుల్ని పెట్టుకుంటే ఎంత తక్కువలో చూసినా నెలకు 80 వేలు, అంటే 9 లక్షల 60 వేలు. కొట్టులో ఉన్న మీ సొంత డబ్బు 60 లక్షలు. బ్యాంకులో 7 శాతానికి వేసినా 4 లక్షల 20 వేలు వస్తాయి. అన్నీ కలిపితే 19 లక్షల 80 వేలు. మీ లాభం 18 లక్షలు. అంటే ఆ కొట్టు ఏడాదికి లక్షా 80 వేలు నష్టంలో నడుస్తోంది. ఆ నష్టాన్ని ఇంటిల్లిపాదీ తమ కష్టంతో పూడుస్తున్నారు.

కొట్టు మూసేయమని కాదు నేను చెప్పేది. ఎక్కడ పూడుస్తున్నామో తెలిసి పూడ్చుకోవాలి. రాత్రి పదింటి దాకా కంప్యూటర్ ముందు కూర్చుని రిటర్నులు వేసే ఆ కోడలి పేరు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో, అంటే భాగస్తుల ఒప్పంద పత్రంలో ఉండదు, జీతాల పుస్తకంలోనూ ఉండదు. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. రేపు అన్నదమ్ములు వేరుపడే రోజున "నేను పదేళ్లు చాకిరీ చేశాను, నువ్వేం చేశావ్" అన్న మాట వచ్చేది కూడా ఇక్కడి నుంచే. ఎవరు ఏ పని చేశారో, దానికి ఎంత తీసుకున్నారో కాగితం మీద ఉంటే ఆ గొడవలో సగం ఉండదు. పనిచేసే భాగస్తులకు జీతం రాయొచ్చు, చట్టం చెప్పిన పరిమితి మేరకు అది ఖర్చు కిందికే వస్తుంది. పనికి తగ్గ జీతం కోడలికీ ఇవ్వొచ్చు.

ఇక సరుకు. పై అరల్లో ఉన్న చీరల కట్టలు ఒకసారి కిందికి దించండి. మడత విప్పితే మడత గీత పొడవునా రంగు వెలిసి ఉంటుంది. దాని లోపల అంటించిన చీటీలో కొన్న ధర కోడ్ అక్షరాల్లో అలాగే ఉంటుంది. మార్చి 31న స్టాకు రాసేటప్పుడు ఆ ధరకే రాసేస్తారు. ఆషాఢం డిస్కౌంట్‌లో సగానికి కూడా పోని చీరను పూర్తి ధరకు చూపిస్తే, లేని లాభం పుస్తకంలో పుడుతుంది. దాని మీద పన్ను కూడా కడతారు. కొన్న ధర, ఇప్పుడు అమ్మితే వచ్చే ధర, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అదే రాయాలన్నది నియమం. నిజం తెలియాలంటే ఇంకోటి కూడా చూసుకోండి. అమ్మిన సరుకు కొన్న ధరలో 2 కోట్ల 40 లక్షలు, కొట్టులో నిల్వ 80 లక్షలు అయితే, సరుకు ఏడాదికి మూడుసార్లు తిరుగుతోందని అర్థం. అమ్మకం పెరగకుండా నిల్వ కోటీ 20 లక్షలైతే రెండుసార్లే. మిగిలిన 40 లక్షలు అరల్లో చిక్కుకుపోయాయి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా. సరుకు కొనడానికి, పార్టీలకు అరువిచ్చి వసూలయ్యేదాకా తట్టుకోవడానికి బ్యాంకు ఇచ్చే డబ్బు అది. మన దగ్గర ఏం జరుగుతోంది? అందులోంచి తీసి ఊరి బయట సైట్ కొంటున్నాం. అమ్మాయి పెళ్లి చేస్తున్నాం, అబ్బాయిని అమెరికా పంపుతున్నాం. సైట్ ధర పెరగొచ్చు, కానీ శ్రావణమాసం సరుక్కి డబ్బు కావాల్సిన రోజున అది అమ్ముడుపోదు. అప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. ఈ జబ్బు పట్టిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. గత ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టి మీ క్యాపిటల్ ఖాతా, అంటే కొట్టులో ఉన్న మీ సొంత డబ్బు లెక్క, ఒక్కటే చూడండి. ఏటా లాభం వస్తున్నా ఆ అంకె తగ్గుతోందంటే, కొట్టు సంపాదించేదానికన్నా ఇల్లు ఎక్కువ వాడుకుంటోంది. నెలకు ఇంటికి ఇంత అని ఒక మొత్తం తేల్చుకుని, దాన్ని బ్యాంకు ద్వారానే తీసుకోండి. గల్లాలోంచి వంద రూపాయలు తీసినా చీటీ రాయాలి, తీసింది నాన్నగారైనా సరే.

ఇప్పుడు చెప్పేది పెద్దవాళ్లకు నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. ఎవరికి చేబదులిచ్చారో, ప్రోనోట్లు ఎక్కడున్నాయో ఒక్కరికే తెలిసి ఉంటే ఆ వ్యాపారం ప్రమాదంలో ఉన్నట్టే. ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. మీరు ఆస్పత్రిలో ఉండగా గడువు దాటిపోతే ఆ బాకీకి దావా వేసే దారి మూసుకుపోతుంది. ధీరూభాయ్ అంబానీ 2002 జూలైలో వీలునామా లేకుండా కన్నుమూస్తే, ఇద్దరు కొడుకుల పంపకం తేలడానికి 2005 జూన్ దాకా పట్టింది. అదీ తల్లి కోకిలాబెన్ మధ్యలో ఉండబట్టి తేలింది. మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ కుటుంబం మాత్రం వ్యాపారంలోకి ఎవరు ఎలా రావాలో, ఎలా మెలగాలో ముందే రాతపూర్వకంగా ఒక కుటుంబ రాజ్యాంగం పెట్టుకుంది. మనకు అంత పెద్ద పత్రం అక్కర్లేదు. నాలుగు పేజీలు చాలు, కాకపోతే అందరూ చదివి సంతకం పెట్టాలి. ఆడపిల్లల్నీ కూర్చోబెట్టండి. ఉమ్మడి ఆస్తిలో వాళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఉందని 2005 చట్ట సవరణ చెబుతోంది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన అవసరం కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కొట్టున్న స్థలం తాతల నాటిదైతే ఈ మాట మీకు నేరుగా తగులుతుంది.

చివరగా డీడ్ సంగతి. ఇద్దరు అన్నదమ్ములే భాగస్తులుగా ఉన్న ఫర్మ్‌లు ఈ మార్కెట్‌లో చాలా ఉన్నాయి. వారిలో ఒకరు పోతే ఆ రోజుతో ఫర్మ్ రద్దయిపోతుంది. వారసుడితో కొనసాగుతుందని డీడ్‌లో రాసుకున్నా ఇద్దరే ఉన్నచోట ఆ క్లాజు ఆదుకోదు. ఒక్క మనిషితో పార్ట్‌నర్‌షిప్ ఉండదు. అప్పుడు బ్యాంకు లిమిట్, జీఎస్టీ నంబరు అన్నీ ఒకేసారి చిక్కులో పడతాయి. అందుకని మూడో భాగస్తుణ్ణి చేర్చే పని ఈ నెలలోనే పెట్టుకోండి. కూతురైనా కోడలైనా పర్వాలేదు, కొట్టు పని తెలిస్తే చాలు. డీడ్ కాపీలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, ఇప్పుడే చూద్దాం.