షుగరు కిడ్నీలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ: ఏ కణంలో, ఏ గొట్టంలో?

అందరికీ నమస్కారం.

కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో పెరిగి రిపోర్టులో కనబడేసరికి కిడ్నీ పని దాదాపు సగం తగ్గిపోయి ఉండొచ్చు. మూత్రంలోకి జారే అల్బుమిన్ అనే ప్రొటీన్ ఇంకాస్త ముందే చెబుతుంది. కానీ షుగరు ఉన్నవాళ్లలో అల్బుమిన్ పోకుండానే జీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం, పడిపోయేవాళ్లూ ఉన్నారు. అందుకే జబ్బును ముందే పట్టిస్తాయని మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీద ఇంత ఆశ. ఆ ఆశ ఎంతవరకు నిలుస్తుందో ఈరోజు చూద్దాం.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 న్యూక్లియోటైడ్ల చిన్న పోగు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్కున్ బృందాలు దీని సంగతి ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో బయటపెట్టాయి. 2024లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. పెళ్లింట్లో వంటవాళ్లకు చీటీ రాసిస్తాం కదా, ఏ ప్రొటీన్ చేయాలో కణానికి చెప్పే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అలాంటి చీటీ. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ చీటీ చివర అతుక్కుంటుంది. ఇక వంటవాడు దాన్ని చదవలేడు, లేదా చీటీయే చిరిగిపోతుంది. కణకేంద్రంలో డ్రోషా అనే ఎంజైమ్ పొడవాటి పోగును కత్తిరిస్తుంది, బయట డైసర్ మళ్లీ కత్తిరిస్తుంది, మిగిలిన ముక్క ఆర్గోనాట్ అనే ప్రొటీన్‌లో కూర్చుంటుంది. చీటీని గుర్తుపట్టడంలో ముఖ్యమైనవి 2 నుంచి 8 వరకు ఉన్న అక్షరాలే. ఇంత చిన్న గుర్తు కాబట్టే ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల చీటీల మీద పనిచేయగలదు.

కిడ్నీకి ఇవి ఎంత అవసరమో 2008లో తేలింది. ఎలుకల్లో వడపోత కణాలైన పోడోసైట్లలో మాత్రమే డైసర్‌ను తీసేస్తే, కొద్ది వారాల్లోనే మూత్రంలో ప్రొటీన్ పోయి కిడ్నీలు విఫలమయ్యాయి. అంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు లేకపోతే జల్లెడ నిలవదు.

ఇక మిర్-192 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ దగ్గర కాసేపు ఆగాలి, ఈ రంగంలో అందరూ తడబడేది ఇక్కడే. రక్తంలో చక్కెర ఎక్కువైతే మచ్చ కట్టించే సంకేత ప్రొటీన్ టీజీఎఫ్-బీటా పెరుగుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్నటి నాళాల ఉండ గ్లోమెరులస్. ఆ నాళాలను పట్టి ఉంచే మెసాంజియల్ కణాల్లో టీజీఎఫ్-బీటా మిర్-192ను పెంచుతుంది. మిర్-192 జెబ్2 అనే ప్రొటీన్‌ను అణచివేస్తుంది. మచ్చకు పోగులైన కొల్లాజెన్ ప్రొటీన్ జన్యువును అదుపులో పెట్టేది ఆ జెబ్2యే. అదుపు పోయాక కొల్లాజెన్ పేరుకుని గ్లోమెరులస్ గట్టిపడుతుంది. 2007లో ఈ వరస బయటపడింది. ఆ తర్వాత షుగరు ఎలుకల్లో మిర్-192ను అడ్డుకుంటే మచ్చ కట్టడం తగ్గింది.

అయితే రోగుల బయాప్సీల్లో కొలిచినప్పుడు సరిగ్గా తలకిందులైంది. మచ్చ ఎక్కువున్న కిడ్నీల్లో మిర్-192 తక్కువ! ఈ రెండూ నిజమే. వడపోసిన ద్రవం పారే నాళికల కణాల్లో మామూలుగానే మిర్-192 చాలా ఉంటుంది, అక్కడ టీజీఎఫ్-బీటా దాన్ని తగ్గిస్తుంది. బయాప్సీ ముక్కలో ఎక్కువ భాగం నాళికలే. ముక్క మొత్తాన్ని నూరి కొలిస్తే గ్లోమెరులస్ గొంతు వినబడదు. అందుకే “మిర్-192 పెరుగుతుందా, తగ్గుతుందా” అని ఎవరైనా అడిగితే, “ఏ కణంలో?” అని తిరిగి అడగాలి.

మిర్-21, మిర్-29ల కథ కాస్త సూటి. మిర్-21 పెరిగి, టీజీఎఫ్-బీటాకు కళ్లెం వేసే స్మాడ్7ను తగ్గిస్తుంది. మిర్-29 కొల్లాజెన్ చీటీలనే ఆపుతుంది కాబట్టి అది రక్షణ. టీజీఎఫ్-బీటా దాన్ని అణచేస్తుంది.

ల్యాబులో పనిచేసేవాళ్లు ఇది బాగా వినండి. చిత్తూరులో తీసిన రక్తం 70 కిలోమీటర్లు ఎండలో కుదుపుల మధ్య తిరుపతి చేరితే ఎర్రకణాలు పగులుతాయి. ఎర్రకణాల నిండా మిర్-451, మిర్-16 ఉంటాయి. మిర్-16ను పోలికకు పెట్టుకున్నారా, లెక్కంతా తప్పుతుంది. రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్, ఒక్కో సైకిల్‌కు కాపీలను రెట్టింపు చేస్తూ కొలిచే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది, బదులుగా ఈడీటీఏ గొట్టం వాడండి. ప్లాస్మాను తీసిన చోటే, రెండు గంటల్లోపు వేరు చేయండి. ముందు 1,900 జీ దగ్గర 10 నిమిషాలు, ఆ పైద్రవాన్ని 16,000 జీ దగ్గర మరో 10 నిమిషాలు తిప్పితే ప్లేట్‌లెట్లు పోతాయి. మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. పీసీఆర్‌లో మిర్-451 కన్నా, ఎర్రకణాలు పగిలినా మారని మిర్-23ఏ 7 సైకిళ్లకు మించి వెనకబడితే ఆ నమూనాను పక్కన పెట్టేయండి. ఒక్క సైకిల్ తేడా అంటే రెండింతలు, మూడు సైకిళ్లంటే ఎనిమిదింతలు. అంత తేడాను గొట్టమే తెచ్చిపెట్టగలదు, రోగం అక్కర్లేదు.

మూత్రంలో మరో చిక్కు ఉంది. యూరోమాడ్యులిన్ అనే ప్రొటీన్ వలలా అల్లుకుని, మైక్రో ఆర్‌ఎన్‌ఏలను మోసే ఎక్సోసోమ్ అనే చిన్న బుడగలను తనతోపాటు అడుక్కి లాక్కుపోతుంది. డీటీటీ అనే రసాయనం కలిపితే ఆ వల విడిపోతుంది. యూ6 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏను పోలికకు వాడకండి, శరీర ద్రవాల్లో అది నిలకడగా ఉండదు. పురుగు నుంచి వచ్చిన మిర్-39ను కొలిచి కలపండి. అది మనిషిలో ఉండదు కాబట్టి వెలికితీతలో ఎంత పోయిందో దానితో తెలుస్తుంది.

మందుల సంగతీ చెప్పాలి. మిర్-21ను అడ్డుకునే లాడెమిర్సెన్‌ను ఆల్పోర్ట్ అనే జన్యు కిడ్నీ జబ్బులో పరీక్షించారు. ఎలుకల్లో బాగా పనిచేసినా, రోగుల్లో ఆశించిన ఫలితం రాక రెండో దశలోనే ఆపేశారు.

కాబట్టి షుగరు ఉన్నవాళ్లు మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కోసం డబ్బు పెట్టొద్దు. టైప్ 2 అయితే జబ్బు తెలిసిన రోజు నుంచే ఏటా క్రియాటినిన్‌తో జీఎఫ్‌ఆర్, పొద్దున మొదటి మూత్రంలో అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి, రెండూ చేయించుకోండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్నప్పుడు, తిరుమల మెట్లెక్కి దిగిన మర్నాడు మూత్రం ఇవ్వొద్దు, నిష్పత్తి ఊరికే పెరుగుతుంది. గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే భయపడకుండా 3 నుంచి 6 నెలల్లో మళ్లీ చూడండి. మూడు పరీక్షల్లో రెండుసార్లు దాటితే అప్పుడు డాక్టరుతో బీపీ తగ్గించి కిడ్నీని కాపాడే ఏసీఈ లేదా ఏఆర్‌బీ మందు, చక్కెరను మూత్రంలోకి పంపే ఎస్‌జీఎల్‌టీ2 మందు గురించి మాట్లాడండి.