విషమైన బేరియాన్ని రోగి చేత ఎలా తాగిస్తారు?

[దృశ్యం: ఎక్స్-రే గది. బల్ల మీద గ్లాసులో చిక్కటి తెల్లని ద్రవం.]

వ్యాఖ్యానం: మింగుడు పడటం లేదని వచ్చిన వారికి వైద్యులు కొన్నిసార్లు బేరియం స్వాలో అనే పరీక్ష రాస్తారు. పరగడుపున వచ్చిన రోగి ఎక్స్-రే యంత్రం ముందు నిలబడి సుద్దనీళ్లలాంటి ద్రవాన్ని గుక్కగుక్కగా మింగుతుంటే, అది అన్నవాహిక గుండా జీర్ణాశయంలోకి దిగే తీరు తెరపై కనిపిస్తుంది. అయితే బేరియం లవణాలలో చాలావరకు విషాలే. బేరియం కార్బోనేట్‌ను ఎలుకల మందుగా కూడా వాడారు. అటువంటి మూలకాన్ని గ్లాసెడు తాగించినా రోగికి ఏమీ కాకపోవడానికి కారణమేమిటి?

[దృశ్యం: ఆవర్తన పట్టికలో రెండవ గ్రూపు.]

బేరియం పరమాణు సంఖ్య 56. కాల్షియం, స్ట్రాన్షియంల దిగువన ఉండే ఈ వెండి రంగు లోహం గాలితోనూ నీటితోనూ చురుకుగా చర్య జరుపుతుంది కనుక ప్రకృతిలో విడిగా దొరకదు. 1808లో హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణ ద్వారా దీనిని తొలిసారిగా వేరు చేశారు.

[దృశ్యం: కణత్వచంలో పొటాషియం మార్గాలు, వాటికి అడ్డుపడిన బేరియం అయాన్లు.]

నీటిలో కరిగిన బేరియం అయాన్ పరిమాణంలో పొటాషియం అయాన్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. అందువల్ల అది కణాల నుంచి పొటాషియం బయటికి వచ్చే మార్గాలలో చొరబడి వాటిని మూసివేస్తుంది. పొటాషియం కణాలలోనే చిక్కుకుపోయి రక్తంలో దాని స్థాయి పడిపోతుంది. కండరాలు సత్తువ కోల్పోతాయి, గుండె లయ తప్పుతుంది, శ్వాస కండరాలు కూడా పనిచేయకపోతే ప్రాణం పోతుంది. అంటే బేరియం హాని చేయాలంటే ముందు అది కరగాలి.

రోగి తాగేది బేరియం సల్ఫేట్. లీటరు నీటిలో అది కరిగేది సుమారు 2.5 మిల్లీగ్రాములు మాత్రమే. జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా దానిని కరిగించలేదు కనుక పేగులు దానిని పీల్చుకోవు. ఒకటి రెండు రోజులలో తెల్లని మలంగా బయటికి పోతుంది. బేరియం కార్బోనేట్ సంగతి వేరు. అది కూడా నీటిలో దాదాపు కరగదు, కానీ జీర్ణాశయ ఆమ్లం తగలగానే కరిగి బేరియం క్లోరైడ్‌గా మారుతుంది. చూపుకు రెండూ ఒకేలాంటి తెల్లని పొడులు.

[దృశ్యం: అన్నవాహిక ఎక్స్-రే చిత్రం.]

మెత్తని అవయవాలలో ఎక్కువగా ఉండే హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ తేలికపాటి పరమాణువులు కాబట్టి ఎక్స్-కిరణాలు వాటిని సులువుగా దాటిపోతాయి. 56 ఎలక్ట్రాన్లున్న బేరియం వాటిని గట్టిగా శోషించుకోవడంతో పూత పడిన చోటు తెల్లగా తేలుతుంది. ఎండోస్కోపీ వచ్చాక ఈ పరీక్షల అవసరం తగ్గింది కానీ, మింగే కదలికను చూడవలసినప్పుడు వీటి విలువ తగ్గలేదు. పేగుకు రంధ్రం పడిందన్న అనుమానం ఉంటే మాత్రం బేరియం ఇవ్వరు, ఎందుకంటే అది ఉదరకుహరంలోకి చేరితే తీవ్రమైన వాపు వస్తుంది. అప్పుడు నీటిలో కరిగే అయోడిన్ ద్రవం వాడతారు.

[దృశ్యం: ప్రయోగశాల. పరీక్షనాళికలో తెల్లని అవక్షేపం.]

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో లవణ విశ్లేషణ చేసిన వారికి ఈ చర్య పరిచయమే. సల్ఫేట్ ద్రావణంలో బేరియం క్లోరైడ్ చుక్కలు వేయగానే విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కూడా కరగని తెల్లని అవక్షేపం వస్తుంది. కరిగే బేరియం లవణాన్ని ఎవరైనా మింగినప్పుడు సోడియం సల్ఫేట్ లేదా మెగ్నీషియం సల్ఫేట్ తాగించేది కూడా ఈ చర్య కోసమే. రక్తంలో తగ్గిన పొటాషియాన్ని సెలైన్ ద్వారా భర్తీ చేస్తారు.

[దృశ్యం: మంగంపేట గని.]

సహజంగా దొరికే బేరియం సల్ఫేటే ముగ్గురాయి. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో దీని నిక్షేపం ప్రపంచంలోని అతిపెద్ద వాటిలో ఒకటి. నీటికంటే నాలుగున్నర రెట్లు బరువైన ఈ రాయిని పొడిచేసి ప్రధానంగా చమురు బావుల తవ్వకపు బురదలో కలుపుతారు. ఆ బరువే లోపలి నుంచి ఎగదన్నే వాయువును అదిమిపెడుతుంది.

రాతిపొడిని నేరుగా మందుగా వాడరాదు. దానిని బొగ్గుతో కలిపి అధిక ఉష్ణోగ్రతలో కాలిస్తే నీటిలో కరిగే బేరియం సల్ఫైడ్ వస్తుంది. మలినాలను వడకట్టి, సల్ఫేట్ కలిపి మళ్లీ అవక్షేపంగా దించితే శుద్ధమైన పొడి దొరుకుతుంది. నిరపాయమైన మందుకు దారి విషం మీదుగానే కనుక, శుద్ధిలో అలసత్వానికి తావులేదు. 2003లో బ్రెజిల్‌లో బేరియం కార్బోనేట్ కలిసిన మందు తాగి పలువురు రోగులు మరణించారు. అందుకే మందు పొడిని ఆమ్లంతో మరిగించి, వడకట్టి, ఆ నీటిలో విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి పరీక్షిస్తారు. ద్రావణం మసకబారితే కరిగే బేరియం ఉన్నట్లే, ఆ పొడి మందుకు పనికిరాదు.